చెట్టున ఉన్నదే లెక్క

రబ్బరు తొడుగులోకి గాలి ఊది, మణికట్టు దగ్గర మెలితిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు అంతోనయ్య. బొటనవేలి మొదట్లో సన్నగా బుస్సుమంది. నిన్న కూడా అక్కడే బుస్సుమంది, మొన్న కూడా. రోజూ పొద్దున అరుగు మీద కూర్చుని ఆ తొడుగును వినడం, ఇచ్చినవాళ్లను తిట్టడం, మళ్లీ దాన్నే సంచిలో కుక్కుకోవడం అతనికి ముఖం కడుక్కోవడంలాంటి అలవాటు.

“ఓటి తొడుగులిచ్చి మీదికెక్కమంటరు. ఇచ్చినోళ్లు ఎక్కుతరా? ఒక్కడన్న ఎక్కుతడా?”

లోపలి నుంచి భార్య ఆరోగ్యమ్మ గొంతు వచ్చింది. “పొద్దుగాల్నే మొదలైందా? తపస్సు కాలం నడుస్తున్నది. మాంసం మానేసినట్టు కోపం గూడ మానెయ్యరాదయ్యా?”

“మాంసం మానేసిన గద. రెండూ ఒక్కసారే మానేస్తే మనిషి బతకడు.”

ఆరోగ్యమ్మ నవ్వలేదు. ఈ మాట ఆమె ఈస్టరుకు ముందు వచ్చే ప్రతి తపస్సు కాలంలోనూ వింటూనే ఉంది. సద్దిగిన్నె మూత బిగించి తెచ్చి అతని పక్కన పెట్టింది. “ఇయ్యాల మంగళారం. టీచరమ్మ అడుగుతది. చెట్టు దగ్గరికి పోయి చూసి నొక్కు,” అంది.

“నాకు తెల్వదా మంగళారమని?” అని ఆమె మీద కూడా లేచాడు. తెలుసు. వారంలో అతను ఎవరి పోరూ లేకుండా గుర్తుపెట్టుకునే పని అదొక్కటే.

అంతోనయ్య లైన్‌మన్. పాల్వంచ దాటి భద్రాచలం రోడ్డు అడవిలోకి తిరిగే చోట రేగులగూడెం సబ్‌స్టేషను ఉంది. దాని కింది తీగలన్నీ అతని బాధ్యత. మనిషి పొట్టి. స్తంభాలు ఎక్కీ ఎక్కీ కాళ్లు దొడ్డిగా వంగాయి. ఎడమ మోచేతి కింద కాలిన మచ్చ, చర్మం అక్కడ కాగితంలా మెరుస్తుంది. మెడ వెనక మూడు మడతలు పడ్డాయి. ఎప్పుడూ పైకి చూసే మెడ అది. నేల మీద నడిచే మనుషుల ముఖాలకంటే ఏ స్తంభం మీద ఏ పింగాణీ పగిలిందో అతనికి బాగా గుర్తుంటుంది.

తండ్రిది కారేపల్లి పక్క. పాల్వంచలో పెద్ద పొగగొట్టాలు లేస్తున్నప్పుడు తట్టలు మోయడానికి వచ్చి, ఆ గొట్టాల నీడలోనే గుడిసె వేసుకున్నాడు. అంతోనయ్య ఆ గుడిసెలో పుట్టాడు. ఊరూరికీ కరెంటు పంపే చోట పుట్టినవాడు మీసాలు వచ్చేదాకా కిరసనాయిలు బుడ్డి ముందే కూర్చున్నాడు. అతని కోపం ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే ఆ బుడ్డి దగ్గర అని చెప్పవచ్చు. అడిగినవాళ్లు లేరు. కాంట్రాక్టు కూలీ అన్నారు, క్యాజువల్ అన్నారు, చివరికి ఆర్టిజన్ అన్నారు. పేరు మారింది గాని ఎక్కే స్తంభం మారలేదు. తనతో చేరినవాళ్లలో ఇద్దరిని తీగల మీది నుంచి తనే దించాడు.

సంచి బండికి తగిలిస్తుండగా జేబులో ఫోను మోగింది. ఎత్తగానే అవతలివాడు మొదలుపెట్టాడు. రాత్రి కరెంటు పోయిందట, పిల్లకు పరీక్షలట, నిద్రపోయి జీతం తీసుకుంటున్నారట. అంతోనయ్య రెండు మాటలు ఓపిక పట్టి, మూడో మాటకు తనూ అందుకున్నాడు. తీగల్లో కరెంటు ఉన్నంతసేపు లైన్‌మన్ అనేవాడొకడు ఉన్నాడని లోకానికి గుర్తురాదు. పోగానే అందరికీ అతని నంబరు నోటికి వస్తుంది. ఇన్నేళ్లలో ఆ ఫోనుకు తిట్టడానికి తప్ప బయటివాళ్లెవరూ చేయలేదు. ఒక్క ప్రసూన టీచరు మినహా.

ఆరోగ్యమ్మ వంట చేసే బడిలో ప్రసూన సైన్సు చెబుతుంది. నాలుగేళ్ల కింద ఒక సాయంత్రం ఇంటికి వచ్చింది. దేశమంతటా కొందరు తలా ఒక చెట్టును పట్టుకుని, వారానికోసారి చూసి, చిగురు వచ్చిందా, మొగ్గ తొడిగిందా, పూసిందా, ఏ పిట్ట వాలింది అని ఫోనులో నొక్కుతారనీ, అవన్నీ ఒక చోట చేరితే ఎండలు ముదిరేకొద్దీ రుతువులు ఎటు జరుగుతున్నాయో తెలుస్తుందనీ చెప్పింది. జీతం లేదు, బత్తెం లేదు. రోజూ ఒకే దారిలో పోయేవాళ్లు కావాలంది.

“నేను చెట్లు నరికేటోన్ని టీచరమ్మా. తీగెకు అడ్డమొచ్చిందల్లా నరుకుత. నన్నెందుకు అడుగుతున్నవు?” అన్నాడు అంతోనయ్య.

“నరికేముందు చూస్తారు కదండీ. ఆ చూపే ఇంకొంచెం సేపు చూడండి,” అంది ప్రసూన.

ఆ మాటకు ఆమెను ఏమని తిట్టాలో తోచక ఒప్పుకున్నాడు. రోడ్డు వంపులో ఉన్న ఇప్పచెట్టును ఎంచుకున్నాడు. ఎందుకంటే దాని పెద్దకొమ్మ ఒకటి తీగల వైపు వచ్చి కొసలు కిందికి వేలాడేవి. బండి దిగకుండానే రెమ్మ కనిపిస్తుంది. పనికి పని, చూపుకు చూపు. ప్రసూన ఒక రేకుబిళ్ల ఇచ్చింది, చెట్టు నంబరుతో. మేకు కొడితే చెట్టుకు గాయమని సన్నటి తీగతో తనే మొదలుకు కట్టాడు.

అంతకుముందు అతనికి చెట్టంటే తీగకూ కొమ్మకూ మధ్య ఉన్న ఎడం. అంతే. మొదటి మాఘంలో ఆకులన్నీ రాల్చుకుని ఇప్పచెట్టు మోడై నిలబడితే, వారం వారం పోయి మెడ ఎత్తి చూశాడు. ఒక మంగళవారం రెమ్మల కొసల్లో గోధుమరంగు నూగుతో మొగ్గల గుత్తులు కనిపించాయి. రోడ్డు మీద ఒక్కడే నిలబడి “ఓరి నీ!” అన్నాడు. ఎవరినీ తిట్టకుండా అతను ఆ మాట అనడం అదే మొదలు కావచ్చు.

అయితే ఆ మొదటి ఏడే ఒక గొడవ జరిగింది. ఇంకోవారం చెట్టు కింద పసుపుపచ్చని ఇప్పపూలు పడి ఉంటే పూసిందని నొక్కాడు. ప్రసూన ఫోను చేసి, “చెట్టున చూశారా?” అని అడిగింది. కింద ఉన్నాయిగా అన్నాడు. “కింద పడింది లెక్కలోకి రాదండీ. చెట్టున ఉన్నదే లెక్క,” అంది. నా మాట మీద నమ్మకం లేదా అని ఫోను పెట్టేసి ఆమెతో మాటలు మానేశాడు. తర్వాత ఒకరోజు గూడెం ఆడవాళ్లు తట్టలతో పూలు మోసుకుపోతుంటే, వంపు దగ్గర తట్ట ఒరిగి నాలుగు పూలు అదే చోట ఒలికాయి. చెట్టు ఇంకా పూయనేలేదు. ఆ రోజు అతనికి వచ్చిన కోపం తన మీదే. అప్పటి నుంచి ఆ ఒక్క సంగతిలో అంతోనయ్యను కదిలించగలవాడు లేడు. చీకటి పడినా, వాన పడినా, చెట్టున ఉన్న రెమ్మను కళ్లతో చూస్తేనే నొక్కుతాడు. ఆరోగ్యమ్మ ఇంట్లో ఏ వార్త మోసుకొచ్చినా, “చెట్టున చూసినవా, కింద చూసినవా?” అని అడగడం మొదలుపెట్టాడు.

సెక్షన్ ఆఫీసులో ఇంజినీరు వెంకటకృష్ణ అప్పటికే ఫోనులో ఉన్నాడు. సత్తుపల్లి వైపు కుర్రాడు, వచ్చి ఏడాది కాలేదు. పెద్దాయన కదా అని అంతోనయ్యకు కుర్చీ చూపించాడు. అంతోనయ్య కూర్చోలేదు.

“వంపు పక్క తోట పిచ్చయ్యగారు మళ్లీ చేశారు. గాలి వస్తే చాలు, ఆ ఇప్పచెట్టు కొమ్మ తగిలి లైను ట్రిప్పయి కరెంటు పోతుందంట. పామాయిల్ తోటకు నీళ్లందట్లేదంట. రేపు పొద్దున కాంట్రాక్టరు మనుషుల్ని పంపిస్తున్నాను. మొదలుకంటా తీసేస్తారు. గొడవ వదిలిపోద్ది.”

“మొదలెందుకు సార్? కొమ్మ తగుల్తే కొమ్మ తియ్యాలె.”

“ఈ ఏడు ఒక కొమ్మ, వచ్చే ఏడు ఇంకో కొమ్మ. ఎన్నిసార్లు తీస్తారు?”

“నేనున్నన్ని సార్లు తీస్త.” గొంతు లేచింది. “తాతలనాటి చెట్టు సార్ అది. లైను మొన్నొచ్చింది. లైనొచ్చి చెట్టును తగిలిందిగని, చెట్టు నడ్సుకుంట పోయి లైనును తగిలిందా? ఒక్క పోలు రోడ్డవతలికి జరుపుతే అయిపోతదని రాసిచ్చిన. ఆ కాయితం ఏ బీరువాల పండుకున్నదో నువ్వన్న జెప్పు సార్.”

“నా ముందువాళ్ల సంగతి నాకేం తెలుసు? నామీద అరిస్తే ఏం లాభం?”

అదీ నిజమే. అంతోనయ్య జీవితంలో కోపానికి ఎప్పుడూ ఇదే గతి. అరవాల్సినవాడు ఎప్పుడో బదిలీ అయిపోయి ఉంటాడు. కుర్చీలో కొత్తవాడు కూర్చుని తెల్లముఖం వేస్తాడు. పగలగొట్టుకుందామంటే తలకాయ తనది తప్ప దొరకదు.

“ఇయ్యాల్టి దినమియ్యండి సార్,” అన్నాడు, పళ్లు బిగబట్టి. “పొద్దుగూకేలోపు లైనుకు అందకుండ చేస్త. ఫోటో పంపుత.”

“సరే. ఫోటో వస్తే కాంట్రాక్టరును ఆపుతాను. రాకపోతే నా చేతిలో లేదు.”

అంతోనయ్య గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. “ఫైబర్ కర్ర వచ్చిందా సార్?”

“కావాలని పైకి ఇండెంట్ పెట్టాం.”

“పోయిన వానకాలం గూడ పెట్టిన్రు,” అని బయటికి నడిచాడు.

కొమ్మలు దూరం నుంచి కోయడానికి కరెంటు పారని ఫైబర్ కర్ర ఉండేది. విరిగిపోయింది. కొత్తది రాలేదు. చేసేది లేక అంతోనయ్యే పాల్వంచలో వెల్డింగ్ చేయించి, పొడుగాటి ఇనుప పైపు చివర కొడవలి అతికించుకున్నాడు. ఇనుము ఇనుమే. లైను చచ్చి ఉన్నప్పుడు తప్ప దాన్ని పైకెత్తకూడదు. అందుకే పట్టుకునే చోట ఎర్రరంగు పూశాడు. “ఎర్రది కనవడ్తే ఏం గుర్తుకు రావాలె?” అని హాతీరాంను ఇప్పటికీ అడుగుతాడు. హాతీరాం అతనితో పాటు పనిచేసే హెల్పరు, తండా మనిషి, అతనూ తల నెరిసినవాడే. “నీ తిట్లు గుర్తుకొస్తయన్నా,” అంటాడు.

ఇద్దరూ మధ్యాహ్నానికి చెట్టు దగ్గరికి చేరారు. అంతోనయ్య సబ్‌స్టేషనుకు ఫోను చేసి సరఫరా ఆపించాడు. ఆపామన్న మాట వాళ్ల నోట విని, మళ్లీ తన నోట చెప్పించుకుని, హాతీరాంను పంపి దారిలో ఉన్న స్విచ్చి కూడా విప్పించాడు. పొరపాటున కరెంటు వస్తే నేలలోకి పోయేలా తీగలకు రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలించాడు. ఇంత చేసినా ఎక్కేముందు శిలువ గుర్తు వేసుకున్నాడు. ఆఫీసు మీద లేని నమ్మకం దేవుడి మీద కొంత ఉంది.

కొమ్మను ఒక్క వేటుకు నరికితే తీగల మీద పడుతుంది. నడిమికి తాడు కట్టి, పైకొమ్మ మీదుగా వేసి, కొస హాతీరాం చేతికిచ్చి, తను రంపంతో కొంచెం కొంచెం కోశాడు. కాంట్రాక్టరు మనుషులకైతే మిషనుతో ఒక టీ తాగినంతసేపు పని. చెమట కళ్లలోకి కారింది. అది తను నాలుగేళ్లు చూసిన కొమ్మ. రెమ్మ రెమ్మా అతనికి తెలుసు. ఏ కొస ముందు చిగురిస్తుందో, ఏ కొసన గొరవంక వాలుతుందో తెలుసు. దాన్నే కోయాలి. చెట్టు బతకాలంటే అదే పోవాలి. రంపం లాగిన ప్రతిసారీ ఎవరినో ఒకరిని తిట్టాడు. పోలు జరపని వాడిని, కాగితం దాచినవాడిని, పిచ్చయ్యను, చివరికి ఇటు పెరిగినందుకు కొమ్మను కూడా.

“చెట్టునెందుకు తిడుతవన్నా?” అన్నాడు కింద నుంచి హాతీరాం.

“దానికన్న బుద్ధుండొద్దా? అంత జాగ ఉండంగ తీగెల మీదికే రావాల్నా?”

కొమ్మ మెల్లగా ఒరిగి, తాడు మీద ఊగి, రోడ్డు పక్క కాలువగట్టున దిగింది. ఇంకా తీగల వైపు చూస్తున్న చిన్న రెమ్మలను కింద నిలబడి ఇనుప పైపుతో కోసేశాడు. పని అయ్యేసరికి చెట్టుకూ తీగకూ నడుమ మనిషి చేతులు బార్లా చాపినా అందనంత ఖాళీ కనిపించింది. చెట్టు ఒక పక్క బోసిగా ఉంది గాని నిలబడి ఉంది. అంతోనయ్య ఫోటో తీసి ఇంజినీరుకు పంపాడు. కాసేపటికి బొటనవేలు పైకెత్తిన బొమ్మ తిరిగి వచ్చింది.

“ఏమన్నడు?” అన్నాడు హాతీరాం.

“ఏలు చూపించిండు. నోటితోని చెప్పుతే అరిగిపోతది.” కానీ ముఖం విచ్చుకుంది. చెట్టు దక్కింది. చాలా రోజుల తర్వాత అతను అడిగినది ఒకటి జరిగింది.

ఎర్త్ రాడ్లు విప్పి సంచిలో వేశాడు. హాతీరాంను బండి మీద స్విచ్చి వేయడానికి పంపాడు. అతను వేశానని ఫోను చేశాక సబ్‌స్టేషనుకు తనే చెప్పాడు. “రేగులగూడెం ఫీడరు. అందరం దిగినం. లైను మీద ఎవ్వలు లేరు. ఇచ్చుకోండ్రి.” కాసేపటికి తోటలో పిచ్చయ్య మోటారు తనంతట తనే మొదలై దడదడమంది. లైనులో కరెంటు వచ్చినట్టు గుర్తు అది. అంతోనయ్య తల ఊపాడు.

హాతీరాం తిరిగి వచ్చేదాకా పనేమీ లేదు. అప్పుడు మంగళవారం గుర్తొచ్చింది.

ఫోనులో పేజీ తెరిచాడు. ఆకులు. లేవు అని నొక్కాడు. మొగ్గలు. వేలు ఆగింది. ఎప్పుడూ చూసే కొమ్మ కాలువగట్టున పడి ఉంది. వంగి దాని కొసలు పట్టుకు చూశాడు. పోయిన వారం లేని గుత్తులు ఇప్పుడు ఉన్నాయి, సెనగగింజలంతేసి, నూగునూగుగా. మరొకడైతే ఉన్నాయి అని నొక్కి ఇంటికి పోయేవాడు. ఎవరడుగుతారు? ఇప్పుడు కోసిందేగా, గంట కింద చెట్టున ఉన్నదేగా? కానీ అంతోనయ్య ఇంటికి వచ్చే ప్రతి వార్తనూ నాలుగేళ్లుగా నిలదీసినవాడు. కింద పడినదాన్ని చూసి నొక్కడం అతనివల్ల కాదు.

తోట వైపు నుంచి మెడ ఎత్తి చూశాడు. పొద్దు సరిగ్గా ఎదురుగా దిగుతోంది. కళ్లలో పడి రెమ్మలన్నీ నల్లగా కనిపించాయి. చుట్టూ తిరిగి రోడ్డు వైపు వచ్చాడు. ఇప్పుడు పొద్దు వీపు మీద ఉంది, చెట్టు బంగారంలా వెలుగుతోంది. అయినా మిగిలిన రెమ్మలు బాగా ఎత్తున ఉన్నాయి. ఈ వయసులో అంత దూరం కన్ను ఆనదు. ఒక రెమ్మను కొంచెం కిందికి వంచితే చాలు. ఫోనును పేజీ తెరిచినట్టే ఒక రాయి మీద పెట్టాడు. ఇనుప పైపు కాలి దగ్గరే ఉంది. మధ్యాహ్నమంతా చేతిలో ఉన్నదే. చెయ్యి దానంతట అది వంగి తీసుకుంది.

తను నిలబడింది తీగల కింద అని అతనికి తెలియక కాదు. తీగలు ఎక్కడున్నాయో నిద్రలో కూడా చెప్పగలడు. కానీ మనిషికి ఉన్నది రెండే కళ్లు, ఆ రెండూ రెమ్మ మీద ఉన్నాయి. పైపుకు పూసిన ఎర్రరంగు అతని అరచేతి కిందే ఉంది. లైన్‌మన్ అన్నవాడెవడూ చేయని తప్పు అది. చెట్టును చూసే ఆ పిచ్చి లేనివాడు చేయడానికి అవకాశమే లేని తప్పు.

కొడవలి వంకను రెమ్మకు తగిలించి, బరువంతా వేసి లాగాడు. రెమ్మ వంగింది. కొసన గుత్తి, గోధుమరంగు నూగు, నిండుగా. చెట్టున. “ఓరి నీ!” అన్నాడు అంతోనయ్య.

నవ్వుతూనే వంక విడిపించాడు. రెమ్మ పైకి ఎగిరింది. లాగుతున్న బరువుకు పైపు వెనక్కి వచ్చింది, తల మీదుగా.

తోటలో పిచ్చయ్య మోటారు ఆగింది. కొంచెంసేపు పిట్టల అరుపులు వినిపించాయి. సబ్‌స్టేషనులో ఎవరో మళ్లీ స్విచ్చి వేసినట్టున్నారు, మోటారు దడదడమని నడిచింది. రాయి మీద ఫోను మోగింది. పిచ్చయ్య. ఇప్పుడే ఇచ్చి ఇప్పుడే తీశావేందని తిట్టడానికి. మోగి మోగి ఆగి, మళ్లీ మోగింది. హాతీరాం బండి వంపు తిరిగేదాకా అది మోగుతూనే ఉంది.

తర్వాత జరగాల్సినవన్నీ చకచకా జరిగాయి. అతను బతికుండగా ఏ పనీ అంత చకచకా జరగలేదు. శాఖ పని ముగిశాక, సరఫరా ఇచ్చాక, సొంత పని మీద నిర్లక్ష్యంగా వ్యవహరించాడని పైవాళ్లు తేల్చారు. విరిగిన ఫైబర్ కర్ర మాట ఎవరూ ఎత్తలేదు. మనిషిని మింగిన చెట్టు అన్నారు. మరుసటి రోజు ఆరోగ్యమ్మ చర్చి గుడిలో శవపెట్టె పక్కన కూర్చుని ఉండగానే కాంట్రాక్టరు మనుషులు మిషను తెచ్చి ఇప్పచెట్టును మొదలుకంటా కోసి, లారీకెత్తి తీసుకుపోయారు. వెంకటకృష్ణ సమాధుల దగ్గరికి వచ్చి దూరంగా నిలబడ్డాడు. “ఫోటో పంపిండు గద సార్. ఆపుతనన్నవు గద,” అని హాతీరాం అందరి ముందూ అడిగితే, పైనుంచి ఆర్డరొచ్చింది, నా చేతిలో లేదు అన్నాడు. అదే మాట, అదే తెల్లముఖం.

వారం తిరిగాక మంగళవారం పొద్దున ఆరోగ్యమ్మ చెప్పులు వేసుకుని హాతీరాం ఇంటికి వెళ్లి, “నన్ను చెట్టు కాడికి తోల్కపో,” అంది.

“చెట్టు లేదు గదొదినే.”

“లేదని నాకు తెల్వదా? తోల్కపో అన్న.”

వంపు దగ్గర ఆమె దిగింది. మొదలు చదునుగా, ఎర్రగా, నేలకు జానెడు ఎత్తున ఉంది. చుట్టూ రంపపుపొట్టు. ఎండకు తీగలు పైన నున్నగా మెరుస్తున్నాయి, వాటిని ఎవరూ తాకడం లేదు. తోటలో మోటారు హాయిగా నడుస్తోంది. ఆరోగ్యమ్మ ఏడవలేదు. గుడిలో ఏడ్చింది, ఇంట్లో ఏడ్చింది. ఇక్కడ ఆమెకు కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్లు మానుకోమని చెప్పిన ఆ కోపమే, అతను ఇల్లు అప్పజెప్పి పోయినట్టు, ఇప్పుడు ఆమె ఒంట్లోకి వచ్చి కూర్చుంది. ఎవరి మీద అరవాలో ఆమెకు కూడా దొరకలేదు.

కాలువగట్టున అతను కోసిన కొమ్మ పడి ఉంది. లారీ వాళ్లు దుంగలకు వచ్చినవాళ్లు, పుల్లలను ఎవరు మోస్తారని వదిలేశారు. ఆరోగ్యమ్మ దగ్గరికి వెళ్లింది. తనలో దాచుకున్న పసరుతోనే కొమ్మ తన పని తాను చేసుకుపోయింది. వేరు లేదు, మొదలు లేదు. కొసల్లో గుత్తులు విచ్చుకుని, పసుపుపచ్చగా, రసంతో బరువెక్కి, తేనెటీగలతో గుయ్యిమంటున్నాయి.

హాతీరాం జేబులోంచి అంతోనయ్య ఫోను తీశాడు. “ఇది నా దగ్గర్నే ఉండె ఒదినే. టీచరమ్మకు నొక్కే పేజీ ఇంక అట్లనే ఉన్నది. మొగ్గలున్నయా అని అడుగుతున్నది. పూలే ఉన్నయి గద. నొక్కనా?”

“వద్దు,” అంది ఆరోగ్యమ్మ. “కింద పడింది లెక్కలకు రాదు.”

కాలితో కొమ్మను ఒక్క తన్ను తన్ని వెనక్కి తిరిగి బండి ఎక్కింది. తేనెటీగలు ఒకసారి లేచి మళ్లీ వాలాయి, కాలువగట్టున పూలతో నిండిన ఆ కొమ్మ మీద.